వారం రోజుల క్లబ్ క్రూజ్: గోపాల్‌పూర్ వైపా, కాకినాడ వైపా?

తెరచాప · 1
నాలుగు తెరచాప బోట్లు, పద్దెనిమిది మంది, ఏడు రోజులు. బోట్లలో రెండు 26 అడుగులవి, ఒకటి 32, ఒకటి 36. కమిటీలో ఎక్కువ మంది మార్చి రెండో వారం అంటున్నారు. విశాఖ నుంచి భీమిలి, కళింగపట్నం, బారువ, గోపాల్‌పూర్, అక్కణ్ణుంచి వెనక్కి. పోను సుమారు 130 నాటికల్ మైళ్ళు, రాను అంతే. రోజుకి నలభై మైళ్ళు పోతే సరిపోతుందని లెక్క వేశారు. నాకు ఆ లెక్క మింగుడు పడటం లేదు. మూడు మీటింగులు అయ్యాయి, టీషర్టు రంగు తేలింది గానీ రాత్రి లంగరు ఎక్కడ వేస్తామో తేలలేదు. ఈ తీరం తెలిసినవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి.

అమరం · 2
మార్చిలో గోపాల్‌పూర్ వెళ్ళడం కష్టం కాదు, రావడమే కష్టం. ఫిబ్రవరి నుంచి మన తీరం వెంట నీరు ఉత్తరానికి లాగుతుంది. మార్చి, ఏప్రిల్‌లో ఆ లాగుడు బాగా ముదురుతుంది, ఒక నాటు (గంటకి ఒక నాటికల్ మైలు) ఉండటం మామూలే. మధ్యాహ్నం గాలి కూడా దక్షిణం, నైరుతి నుంచే. పోయేటప్పుడు గాలీ నీరూ రెండూ వెనకే, హాయిగా ఉంటుంది. వచ్చేటప్పుడు రెండూ మొహం మీదే.

లెక్క చూడండి. మన చిన్న బోట్లు నీటి మీద 5 నాట్లు పోతాయనుకుందాం. గాలికి 45 డిగ్రీల్లో ట్యాక్‌లు కొడితే (ఇటూ అటూ వంకరగా మళ్ళుతూ గాలికి ఎదురెక్కితే) నిజంగా గాలి మీదికి దక్కేది 3.5. అందులో నీటి లాగుడు ఒకటి తీసేస్తే 2.5. 131 మైళ్ళకి 52 గంటలు పైమాటే. అదీ చుక్కాని పట్టినవాడు అలసిపోకుండా, ఒక్క ట్యాక్ కూడా పాడవకుండా ఉంటే. రోజుకి నలభై మైళ్ళనే లెక్క పోయేటప్పటికే పనికొస్తుంది.

ఉప్పుగాలి · 3
అమరం గారూ, రోజంతా ఎదురుగాలే అన్నట్టు లెక్క వేశారు. తెల్లవారుజామున 3 నుంచి 9 దాకా నేల మీంచి గాలి వస్తుంది, పడమర, వాయవ్యం నుంచి. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా ఉంది కాబట్టి నైరుతికి వెళ్ళే బోటుకి అది చక్కటి పక్కగాలి. ఒడ్డుకి దగ్గరగా ఉంటే నీటి లాగుడు కూడా తగ్గుతుంది. ఆ ఆరు గంటలూ వాడుకుని, మధ్యాహ్నం లంగరు వేసుకుంటే సరిపోతుందిగా.

అమరం · 4
గాలి విషయంలో మీరన్నది నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఆ గాలి 5 నుంచి 8 నాట్లు, 26 అడుగుల బోటుకి మూడు మూడున్నర నాట్ల నడక. ఆరు గంటలకి ఇరవై మైళ్ళు. 131 మైళ్ళకి ఏడు పొద్దులు కావాలి. పైగా ఆ వేళకి ఒడ్డు దగ్గర నీళ్ళ నిండా వలలే. అసలు ప్రశ్న ఇంకోటి ఉంది, మధ్యాహ్నం లంగరు ఎక్కడ?

మొగ దగ్గర · 5
దానికి నేను చెప్తాను. విశాఖ దాటాక ఉత్తరంగా కీల్ బోటు (అడుగున లోతుగా దిగే రెక్క ఉన్న బోటు) నిశ్చింతగా దూరే చోటు లేదు. భీమిలిలో గోస్తని, కోనాడ దగ్గర చంపావతి, ఆ పైన నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార. అన్ని మొగల దగ్గరా ఇసుక మేటే. ఏటేటా దారి మారుతుంది, వరద వచ్చి వెళ్ళాక నెల నెలకీ మారుతుంది. ఫైబర్ పడవలు ఇంజను పైకి లేపి అల వీపు మీద ఎక్కి లోపలికి వస్తాయి. మీటరున్నర కీల్ ఉన్న బోటు ఆ పని చెయ్యలేదు.

ఇంకో సంగతి. ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) సూచనలో అల ఎత్తు ఒక్కటే చూసి చిన్న సముద్రమని అనుకోవద్దు, అల వ్యవధి కూడా చూడండి. 1.2 మీటర్ల అలే 6 సెకన్లది వేరు, 14 సెకన్లది వేరు. రెండోది ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టి వచ్చిన పొడుగాటి అల. బయట ఊయలలా ఉంటుంది, మేట మీదికి వచ్చేసరికి నిలువుగా లేచి విరుగుతుంది. ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉన్న రోజు కూడా అది రావచ్చు.

చింతపల్లి దీపస్తంభం ఎదురుగా సముద్రంలో మునిగిన రాళ్ళు ఉన్నాయి. వాటిని చార్టులో ముందే ఎర్ర గీత గీసి పెట్టుకోండి. ఫోను మ్యాపులో అవి కనిపించవు.

కొత్త కళాసి · 6
అయితే భీమిలిలో రాత్రి ఆగడం కుదరదా? బోటు ఒడ్డుకి అరమైలు దూరంలో ఆపుకోవచ్చు కదా?

మొగ దగ్గర · 7
ఆగొచ్చు, నిద్ర మాత్రం పట్టదు. అది తెరిచి ఉన్న తీరం. గాలి ఒక పక్క నుంచి, అల ఇంకో పక్క నుంచి వస్తే బోటు గాలికి ముక్కు పెట్టి అలకి పక్క ఇస్తుంది. రాత్రంతా తొట్టిలా ఊగుతుంది, గిన్నెలన్నీ మోగుతాయి. ఉపాయం ఏంటంటే, అణియం (బోటు ముందు కొస) లంగరు పడ్డాక చిన్న లంగరు ఒకటి అమరం (వెనక కొస) వైపు నుంచి వేసి, తాడు లాగి బోటు ముక్కుని అల వైపు తిప్పి కట్టాలి. గాలి 12 నాట్లు దాటితే ఆ వెనక లంగరు వెంటనే తీసెయ్యాలి, లేకపోతే బోటు పక్కకి గాలి కొట్టి రెండు లంగర్లూ ఊడతాయి.

సెలవుల బ్యాచ్ · 8
పిల్లల సెలవులు చూసుకునేవాళ్ళం కూడా ఉన్నాం. డిసెంబర్ ఆఖరి వారం ఎందుకు వద్దు? వాతావరణం చల్లగా ఉంటుంది, వర్షం ఉండదు.

అమరం · 9
డిసెంబర్ అంటే మార్చికి అద్దంలో బొమ్మ. అప్పుడు నీరు దక్షిణానికి లాగుతుంది, గాలి ఈశాన్యం. కాకినాడ వైపు తోసుకుపోతుంది, తిరిగి రావాలంటే మళ్ళీ రెండూ ఎదురే. తుపాన్ల సంగతి కూడా ఉంది. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న మన మీదికే వచ్చింది, తిత్లీ 2018 అక్టోబర్‌లో శ్రీకాకుళం మీదికి. అక్టోబర్‌తో పోయిందనుకుంటే మిచౌంగ్ 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడితే నాలుగు బోట్ల గుంపుని ఏడు రోజులు బయట ఉంచలేం.

జనవరి ఆఖరు, ఫిబ్రవరి మొదటి వారం చూడండి. ఈశాన్యం నీరసపడుతుంది, నీటి లాగుడు అటు నుంచి ఇటు మారుతూ ఉంటుంది. మొదటి మూడు రోజులు దక్షిణానికి దిగడానికి మిగిలిన ఈశాన్య గాలి, ఆఖరి మూడు రోజులు పైకి రావడానికి మధ్యాహ్నపు దక్షిణ గాలి. ప్రతి ఏడూ లెక్క ప్రకారం జరగదు గానీ, ఏడాదిలో రెండు వైపులా మనకి కలిసొచ్చే అవకాశం ఉన్న వారం అదే.

కాకినాడ కాజా · 10
మా ఊరు అని చెప్పడం లేదు గానీ, విశాఖ నుంచి 75 మైళ్ళలో మీకు నిజమైన నీడ దొరికేది కాకినాడ బే ఒక్కటే. హోప్ ఐలాండ్ పదహారు కిలోమీటర్ల ఇసుక గోడలా తూర్పున పడుకుని ఉంటుంది, బయట ఎంత అల ఉన్నా దాని వెనక నీళ్ళు పలచబడతాయి. కింద బురద, లంగరు బాగా పడుతుంది. ఊళ్ళో డీజిల్, నీళ్ళు, మెకానిక్కు, ఆసుపత్రి, రైలు అన్నీ దొరుకుతాయి. ఒంట్లో బాగోని మనిషిని రైలెక్కిస్తే మూడు గంటల్లో ఇంట్లో ఉంటాడు. బారువలో అది కుదరదు.

ఉప్పుగాలి · 11
కాకినాడలో ఇబ్బందులు కూడా చెప్పండి మరి. బే లోపల లోతు తక్కువ, ఏటేటా పూడుతోంది. హోప్ ఐలాండ్ ఉత్తరపు కొస ఇసుక ఇంకా పైకి పెరుగుతూనే ఉంది, పాత చార్టులో నీళ్ళున్న చోట ఇప్పుడు ఇసుక ఉండొచ్చు. ఉత్తరం వైపు తెరిచి ఉంటుంది కాబట్టి ఈశాన్యం గట్టిగా వీస్తే పొట్టి అలలు లోపలికి వచ్చేస్తాయి. లంగరు మీద నిలబడ్డ ఓడలు, వాటికీ ఒడ్డుకీ మధ్య తిరిగే బార్జీలు సరేసరి.

కాకినాడ కాజా · 12
అన్నీ నిజమే. అందుకే మూడు పనులు. కొసకి దగ్గరగా మలుపు తీసుకోవద్దు, ఉత్తరంగా బాగా పైకి వెళ్ళి, ఓడల వరుస చూసుకుని దిగాలి. పగటి వెలుతురులో, పోటు ఎక్కుతున్నప్పుడే లోపలికి రావాలి. ఎక్కే నీళ్ళలో నేల తగిలితే గంటలో నీళ్ళే లేపుతాయి, దిగే నీళ్ళలో తగిలితే ఆరేడు గంటలు పక్కకి ఒరిగి కూర్చోవాలి. తక్కువ కీల్ ఉన్న బోటు ముందు నడిచి లోతు చదివి చెప్పాలి, 36 అడుగులది ఆఖర్న. లోతు మీటరు చూపించేది నీటి పైభాగం నుంచా, కీల్ కింద నుంచా అన్నది ప్రతి బోటులోనూ ముందే సరిచూసుకోండి. ఒకటి అలా, ఒకటి ఇలా పెట్టి ఉంటే రేడియోలో చెప్పే అంకెకి అర్థం ఉండదు.

హోప్ ఐలాండ్ కోరంగి అభయారణ్యంలోకి వస్తుంది. దిగాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. ఆ నెలల్లో తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, రాత్రి ఒడ్డు మీద టార్చిలు, మంటలు అసలు పెట్టకూడదు.

తాబేటి కాపు · 13
కాజా గారి ఆఖరి మాటకి ఇంకాస్త కలుపుతాను. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీలు ఒడ్డుకి రెండు మూడు మైళ్ళ లోపల గుంపుగా ఉంటాయి. పగలు నీటి మీద తేలి వీపు ఎండబెట్టుకుంటాయి, దూరానికి తేలుతున్న కొబ్బరికాయలా కనిపిస్తుంది. ఇంజను మీద వెళ్తుంటే వేగం తగ్గించి, అణియం దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. బోటు పంకా తగిలితే డిప్ప పగులుతుంది, ఆ తాబేలు ఇక బతకదు.

తెరచాప · 14
సరే, కాకినాడ అనుకుందాం. 75 మైళ్ళు ఒకే విడతలోనా? కొత్తవాళ్ళు ఆరుగురున్నారు. మధ్యలో పూడిమడకలో ఆగొచ్చా?

అమరం · 15
విశాఖ నుంచి పూడిమడక 20 మైళ్ళ చిల్లర, అక్కణ్ణుంచి కాకినాడ 54. మొదటి ముక్క పొట్టి, రెండోది పగటి వెలుతురుకి పొడుగు. జనవరి చివర సూర్యోదయం ఆరున్నరకి, అస్తమయం ఆరు లోపే, పదకొండు గంటల చిల్లర వెలుతురు. 54 మైళ్ళకి 5 నాట్లతో పదకొండు గంటలు పడుతుంది. ఏ చిన్న ఆలస్యమైనా చీకట్లో బే మొగదలకి చేరతారు, అది వద్దు. పెంటకోట, ఉప్పాడ కూడా తెరిచిన తీరాలే.

నేనైతే సాయంత్రం 4కి బయల్దేరతాను. విశాఖ ఛానెల్, గంగవరం ఛానెల్ రెండూ వెలుతురులో దాటేస్తాం. 4.5 నాట్లతో నడిస్తే 75 మైళ్ళకి పదహారున్నర గంటలు, మర్నాడు ఎనిమిదిన్నరకి చేరతాం. గాలి బాగుండి ముందే చేరితే బయటే జిబ్‌ని (ముందు తెరచాపని) ఎదురు పక్కకి కట్టి, చుక్కాని గాలి వైపు తిప్పి పెట్టి తెల్లారేదాకా ఆగాలి. ఛానెళ్ళు దాటేటప్పుడు ఇంజను వేసి, పోర్ట్ కంట్రోల్‌కి చెప్పి, నిలువుగా అడ్డం దాటాలి. వాలుగా దాటితే ఛానెల్‌లో ఉండే సమయం రెట్టింపవుతుంది. లంగరు మీదున్న ఓడకి వెనక నుంచే పోవాలి, ముందు గొలుసు ఉంటుంది. విశాఖ బయట చమురు ఓడలకి కట్టే బోయా ఉంది, దానికి చాలా దూరంగా.

కొత్త కళాసి · 16
రాత్రంతా అంటే వెన్నెల ఉన్న రోజు చూసుకుంటే బాగుంటుంది కదా?

అమరం · 17
మంచి మాట. పున్నమికి రెండు మూడు రోజుల ముందు బయల్దేరితే సాయంత్రానికే చంద్రుడు పైన ఉంటాడు, తెల్లవారుజాము దాకా వెలుతురు. పున్నమి తర్వాత నాలుగు రోజులకైతే రాత్రి మొదటి మూడు నాలుగు గంటలు చీకటి. పున్నమి పోటుపాట్లకి మన వైపు తేడా మీటరున్నర లోపే, దాన్ని బేలోకి వెళ్ళే వేళకి తగ్గట్టు వాడుకుంటే మంచిదే.

ఫైలు మనిషి · 18
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు, నెల ముందు మొదలుపెట్టకపోతే ఇవే క్రూజ్‌ని ఆపేస్తాయి. ఇది తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు. బయట ఫైరింగ్ అభ్యాసాలు జరుగుతాయి, రాంబిల్లి వైపు నేవీ పనులున్నాయి. డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు ఇచ్చే ఎనిమిదో నావ్‌ఏరియా (మన వైపు సముద్ర భాగం) హెచ్చరికలు బయల్దేరే వారమంతా రోజూ చదవాలి. అందులో అక్షాంశ రేఖాంశాలు ఇస్తారు, వాటిని చార్టు మీద పెట్టి గీత గియ్యండి, అంకెలు చదివి ఊరుకుంటే బుర్రకెక్కవు.

క్లబ్ ఉత్తరం మీద ఒకే జాబితా ఉండాలి: ప్రతి బోటు పేరు, రంగు, తెరచాప నంబరు, రిజిస్ట్రేషన్, మనుషుల పేర్లు, ఆధార్ కాపీలు, బయల్దేరే వేళ, చేరే వేళ, ఒడ్డు మీద బాధ్యుడి ఫోను. కాపీలు పోర్టుకి, నేవీకి, కోస్ట్ గార్డ్‌కి, మెరైన్ పోలీసులకి, కాకినాడ వైపు వాళ్ళకి కూడా. 26/11 తర్వాత తీరంలో తెలియని తెల్ల తెరచాప కనిపిస్తే అడుగుతారు, అడగాలి కూడా. విదేశీయులు ఎవరైనా ఉంటే ఆ పేరు ముందుగానే విడిగా తెలియజెయ్యండి. మనుషులు మారితే జాబితా మళ్ళీ ఇవ్వాలి.

ఆపదలో వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానెల్, ఫోను అందితే కోస్ట్ గార్డ్ 1554.

జాలారి బాబాయ్ · 19
అందరూ గాలి గురించే చెప్పారు, వలల గురించి నేను చెప్తాను. ఈ తీరంలో మీ బోటుని ఆపేది వలే.

రాత్రి చిన్న పడవకి రూల్ ప్రకారం ఎరుపు కింద తెలుపు లైట్లు ఉండాలి, వల 150 మీటర్లు దాటితే ఆ వైపు ఇంకో తెల్ల లైటు. చాలా పడవల్లో అవి కనిపించవు. ఒక బ్యాటరీ దీపం, వల రెండో కొసన మిణుకుమిణుకుమనే ఇంకో దీపం, అంతే. రెండు దీపాలు కనిపిస్తే ఆ రెంటి మధ్యలోంచి పోవద్దు, అక్కడే వల ఉంటుంది. తేలే వల వేసిన పడవ మామూలుగా ముక్కుకి వల కట్టుకుని గాలికి ఎదురుగా నిలుస్తుంది. అంటే వల గాలి వచ్చే వైపు ఉంటుంది. గాలి పోయే వైపు నుంచి, పడవ వెనక నుంచి దాటండి. గాలి ఒక వైపు, నీరు ఒక వైపు ఉన్న రోజు ఇది తప్పొచ్చు. అలాంటప్పుడు దగ్గరికి వెళ్ళి గట్టిగా అడగండి, "బావూ, వల ఏ పక్క ఉంది?" అని. చెయ్యి చూపిస్తారు. మీ వైపు టార్చి గుండ్రంగా తిప్పుతున్నారంటే పలకరింపు అనుకోవద్దు, వల మీదికి వస్తున్నారని చెప్తున్నారు. వెంటనే మళ్ళండి.

ఉప్పుగాలి · 20
బాబాయ్, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, అప్పుడు వలలు ఉండవుగా?

జాలారి బాబాయ్ · 21
మరపడవలు ఆగుతాయి, తెప్పలు ఆగవు. ఆ ఎండకి, ఆ గాలికి కొత్తవాళ్ళని తీసుకుపోవడం కూడా మంచిది కాదు.

పంకా · 22
వల తగిలితే ఏం చెయ్యాలో చెప్తాను, వరస తప్పకూడదు.

ఇంజను మీద ఉంటే వెంటనే న్యూట్రల్, ఆపెయ్యడం, తాళం తీసి జేబులో వేసుకోవడం. రివర్స్ వేసి విడిపించాలని చూడొద్దు, ఇంకా చుట్టుకుని షాఫ్టు సీలుని లాగేస్తుంది. తెరచాప మీద ఉంటే షీట్లు (తెరచాప బిగించే తాళ్ళు) వదిలెయ్యండి, బోటు బరువు తగ్గగానే సగంసార్లు అదే జారిపోతుంది. పోకపోతే బోట్‌హుక్‌తో పైతాడుని కిందికి, చుక్కాని అడుగు దాకా నొక్కండి. 

ఇంకా విడవకపోతే వల వాళ్ళని పిలవండి. వాళ్ళు ఒక్కోసారి ఒక కొస వదిలేస్తే రెండు నిమిషాల్లో పోతుంది. కొయ్యక తప్పకపోతే కోసిన రెండు కొసలూ మళ్ళీ ముడివేసి వదలాలి, లేకపోతే సగం వల పోతుంది. ఆ వల ఒక కుటుంబం పెట్టుబడి, నష్టం అక్కడే లెక్క కట్టి ఇవ్వండి. దానికని ప్రతి బోటులో కొంత నగదు ఉంచాలి.

నీళ్ళలోకి దిగాల్సి వస్తే: మాస్క్, పళ్ళున్న కత్తి మణికట్టుకి కట్టి, నడుముకి తాడు, తలకి హెల్మెట్. హెల్మెట్ ఎందుకంటే అలకి బోటు అడుగు లేచి తల మీద పడుతుంది. అల అరమీటరు దాటినా, చీకటైనా దిగొద్దు. పక్క బోటు లాగుతుంది, లేకపోతే తెరచాపతో నడవండి.

డీజిల్ · 23
పంకా గారు షాఫ్టు దాకా చెప్పారు, నేను లోపలి సంగతి చెప్తాను. 20-30 గుర్రాల డీజిల్ 5 నాట్లకి గంటకి రెండు, రెండున్నర లీటర్లు తాగుతుంది. గాలి అసలు లేదనుకుంటే 75 మైళ్ళకి 15 గంటలు, సుమారు 37 లీటర్లు. పోను రాను 75 లీటర్లు, మూడో వంతు అదనం, మొత్తం వంద. కాకినాడలో నింపుకుంటే సగం మోస్తే చాలు. క్యాన్లు ఏవైనా గుడ్డ వేసిన గరాటులోంచే పొయ్యాలి, అడుగున నీళ్ళు ఉంటాయి.

ప్రతి బోటుకి: నీటి పంపు ఇంపెల్లర్లు (లోపల తిరిగే రెక్కల చక్రాలు) రెండు, దాని మూత గాస్కెట్, డీజిల్ ఫిల్టర్లు రెండు, బెల్టు ఒకటి, ఇంజనాయిలు రెండు లీటర్లు. ఫిల్టర్ మార్చాక గాలి తియ్యడం ఒడ్డు మీదే ప్రతి ఒక్కరూ ఒకసారి చేసి చూడాలి. ఇంజను వెయ్యగానే పొగగొట్టంలోంచి నీళ్ళు ఉమ్ముతోందా అని చూడండి. ఉమ్మకపోతే అరనిమిషంలో ఆపాలి. మన దగ్గర మొదటి అనుమానం స్ట్రైనర్‌లో (నీళ్ళు వచ్చే జల్లెడలో) ప్లాస్టిక్ కవరు, రెండోది జెల్లీచేప, మూడోది ఇంపెల్లర్. ఇంపెల్లర్ రెక్క విరిగి ఉంటే ఆ ముక్క ఎక్కడుందో వెతికి తియ్యాలి, లోపలే ఉండిపోతే మళ్ళీ వేడెక్కుతుంది.

మూడో బ్యాటరీ · 24
నేవిగేషన్ లైట్లు ఇంకా పాత 25 వాట్ల బల్బులైతే రాత్రికి ఒక్క లైటే 25 ఆంపియర్-గంటలు తినేస్తుంది. ఎల్‌ఈడీకి మార్చండి, అందులో పదో వంతు చాలు. తెరచాప మీద ఉంటే మాస్టు పైన మూడు రంగుల లైటు, ఇంజను వేస్తే అది ఆర్పి కిందివి, స్టీమింగ్ లైటు (మాస్టు ముందు వైపు తెల్ల లైటు). రెండూ కలిపి వెలిగిస్తే దూరంగా ఉన్న ఓడవాడికి ఏం అర్థం కాదు.

కొత్త కళాసి · 25
రాత్రి గాలి పెరిగితే తెరచాప ఎప్పుడు తగ్గించాలి?

కప్పీతాడు · 26
మామూలుగా 14-15 నాట్లకి మొదటి రీఫ్ (తెరచాప కొంత మడిచి కట్టడం). రాత్రి అయితే గాలి ఎంతున్నా సూర్యాస్తమయానికి ముందే ఒకటి వేసెయ్యండి. చీకట్లో డెక్ మీదికి వెళ్ళే పని ఎంత తగ్గితే అంత మంచిది. దిగేటప్పుడు గాలి వెనక నుంచి ఉంటుంది కాబట్టి బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) ఒక్కసారి ఇటు నుంచి అటు కొట్టే ప్రమాదం ఉంది, తల పగులుతుంది. బూమ్ చివర నుంచి తాడు అణియం క్లీట్‌కి (తాడు కట్టే కొక్కేనికి), అక్కణ్ణుంచి కాక్‌పిట్‌కి తెచ్చి కట్టండి. బూమ్ మధ్యలో కడితే బూమే విరుగుతుంది. 

రాత్రి కాక్‌పిట్‌లోకి అడుగు పెట్టకముందే, మెట్ల మీద ఉండగానే హార్నెస్ తాడు తగిలించాలి. 150 న్యూటన్ల తేలుడు శక్తి ఉన్న గాలి లైఫ్ జాకెట్లలో సిలిండర్ బిగుతుగా ఉందా, కాళ్ళ మధ్య పట్టీ ఉందా చూసుకోండి. పట్టీ లేకపోతే జాకెట్టు పైకి తేలుతుంది, మనిషి కిందే ఉంటాడు.

మొగ దగ్గర · 27
నాలుగు బోట్లూ కలిసి వెళ్ళడం గురించి. ప్లాను మొత్తం 26 అడుగుల బోటు వేగానికే వెయ్యండి. 36 అడుగులది ముందుకి పోయి "ఎక్కడున్నారు?" అని అడగడం క్రూజ్ కాదు. ఇద్దరిద్దరు జంటలు, ప్రతి పెద్ద బోటుకి ఒక చిన్నది. జంట రెండు మైళ్ళ లోపల ఉండాలి. చేతిలో పట్టుకునే 5 వాట్ల రేడియో ఒక డెక్ నుంచి ఇంకో డెక్‌కి మూడు నుంచి ఐదు మైళ్ళే అందుతుంది. రెండు గంటలకొకసారి పిలుపు: స్థానం, గాలి, మనుషులు ఎలా ఉన్నారు. పిలుపు తప్పితే పది నిమిషాల్లో మళ్ళీ, మూడోసారీ పలకకపోతే జంట బోటు వెనక్కి తిరగాలి. దీనికి ముందే ఒప్పుకుని ఉండాలి.

ఉప్పుగాలి · 28
రెండు గంటలు ఎక్కువ. రాత్రి గంటకొకసారి చెయ్యండి, మేలుకుని ఉన్నవాళ్ళకీ తోడుగా ఉంటుంది.

మొగ దగ్గర · 29
సరే, రాత్రి గంటకి. ఒప్పుకున్నా.

కాకినాడ కాజా · 30
లంగరు లెక్క ఒకటి రాసిపెట్టుకోండి. లోతు 5 మీటర్లు, పోటు ఒకటిన్నర, నీటి నుంచి అణియం ఎత్తు ఒక మీటరు, కలిపి ఏడున్నర. మొత్తం గొలుసైతే అయిదు రెట్లు, 37 మీటర్లు. గొలుసు కొంచెం, మిగతా తాడు అయితే ఏడు రెట్లు, 52. మెత్తటి బురదలో లంగరు వెయ్యగానే రివర్స్ లాగొద్దు, పది నిమిషాలు కూరుకోనివ్వండి, తర్వాత నెమ్మదిగా. గొలుసు బోటు, తాడు బోటు ఒకేలా తిరగవు, కాబట్టి పక్కపక్కన వద్దు. నాలుగూ కట్టి కబుర్లు చెప్పుకోవచ్చు, అప్పుడు మాస్టులు ఎదురెదురు రాకుండా ముందు వెనకలుగా కట్టండి. పడుకునే ముందు విడిపోవాలి.

చోడంబలి · 31
తిండి మాట నా వంతు. తాగే నీళ్ళు మనిషికి రోజుకి మూడు లీటర్లు. నలుగురికి ఏడు రోజులకి 84, సగం అదనం. అన్నీ ఒకే ట్యాంకులో వద్దు, ట్యాంకు పాడైతే అంతా పోతుంది. అయిదు లీటర్ల క్యాన్లలో వేర్వేరుగా.

మొదటి రాత్రికి ఎవరూ వండలేరు. పులిహోర, చపాతీ, ఉడికించిన గుడ్లు ఒడ్డు మీదే చేసి తేవాలి. దద్దోజనం వద్దు, రాత్రికి పులుస్తుంది. తర్వాత అటుకులు, ఉప్మారవ్వ, కందిపొడి, వేరుశనగ ఉండలు, బెల్లం. కడుపు తిప్పేవాళ్ళకి పలచటి చోడి (రాగి) అంబలి ఉప్పు వేసి ఇస్తే నిలుస్తుంది. వండటానికి ప్రెషర్ కుక్కరే, మూత బిగుసుకుని ఉంటుంది కాబట్టి ఒరిగినా ఒలకదు. సగానికి మించి నింపొద్దు.

ఉప్పుగాలి · 32
వాంతుల మందు కూడా చెప్పండి అక్కా. బోటు ఊగడం మొదలయ్యాక మాత్ర వేసుకుంటే లాభం లేదని అంటారు.

చోడంబలి · 33
అవును, ముందు రాత్రి ఒకటి, బయల్దేరే గంట ముందు ఇంకోటి అన్న పద్ధతిలో వాడతారు. ఏది, ఎంత అన్నది ఎవరి డాక్టరుని వాళ్ళు అడగాలి, కొన్ని మాత్రలకి మత్తు వస్తుంది. ఒడ్డు మీద ఉండగానే ఒకసారి వేసుకుని చూడండి. మత్తు వచ్చేవాళ్ళకి రాత్రి కాపలా ఇవ్వొద్దు. తిప్పుతున్న మనిషిని కిందికి పంపొద్దు, చుక్కాని ఇచ్చి దిగంతం చూడమనండి.

డీజిల్ · 34
కుక్కర్ అన్నారు కాబట్టి గ్యాసు సంగతి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే బోటు అడుగున చేరి కూర్చుంటుంది, వాసన కూడా ఆలస్యంగా తెలుస్తుంది. వంట కాగానే సిలిండర్ దగ్గరే కట్టెయ్యాలి, స్టవ్ నాబ్ ఒక్కటే కాదు. ఇంజను స్టార్ట్ చేసే ముందు బ్లోయర్ అయిదు నిమిషాలు, లేనివాళ్ళు మూతలన్నీ తెరిచి ఉంచాలి.

తెరచాప · 35
కమిటీకి ఇలా రాస్తున్నాను, తప్పులుంటే ఇప్పుడే చెప్పండి. జనవరి ఆఖరి వారం, పున్నమికి రెండు రోజుల ముందు. మొదటి రోజు సాయంత్రం 4కి బయల్దేరడం, రెండో రోజు పొద్దున పోటు చూసుకుని బేలోకి. మూడు, నాలుగు రోజులు బేలో. అయిదో రోజు మధ్యాహ్నం గాలి పట్టుకుని తిరుగు ప్రయాణం, ఆరో రోజు పొద్దున విశాఖ. ఏడో రోజు ఖాళీ. ఇన్‌కాయిస్ సూచన, విశాఖ తుపాను హెచ్చరిక కేంద్రం బులెటిన్ ముందు రోజు సాయంత్రం చూసి వెళ్ళడమా మానడమా తేల్చడం. 

అమరం · 36
ఏడో రోజు ఖాళీని ఎవరూ ముట్టుకోవద్దు. సోమవారం ఆఫీసు ఉందని చెడ్డ గాలిలో బయల్దేరడం ఆ ఖాళీ రోజు వల్లే ఆగుతుంది. ఇంకోటి, దానికి రెండు వారాల ముందు భీమిలి దాకా రాత్రి ప్రయాణం పెట్టండి, పోను 15 రాను 15. సాయంత్రం 6కి వెళ్ళి తెల్లారేసరికి వచ్చెయ్యడం, లంగరు వెయ్యకుండా. కొత్తవాళ్ళు ఆరుగురూ రావాలి. ఆ రాత్రి రానివాళ్ళు కాకినాడకి రాకూడదు.

సెలవుల బ్యాచ్ · 37
పిల్లల్ని ఈ రాత్రి విడతకి తీసుకురాము, కాకినాడకి రైల్లో వచ్చి బేలో రెండు రోజులు బోటెక్కుతాం. అలా కుదురుతుందా?

ఫైలు మనిషి · 38
కుదురుతుంది, పేర్లు మాత్రం మొదటి జాబితాలోనే ఇవ్వండి. కాకినాడలో ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు అని వేరే వరస పెడతాను. పిల్లల జాకెట్లు బరువుని బట్టి, పెద్దవాళ్ళవి బిగించి వెయ్యడం పనికిరాదు.

తాబేటి కాపు · 39
జనవరి ఆఖర్లో తెల్లవారుజామున పొగమంచు కూడా ఉంటుంది. రాడార్ రిఫ్లెక్టర్ కట్టారా చూడండి. తెరచాప మీద ఉంటే రెండు నిమిషాలకొకసారి బూర: ఒక పొడుగు, రెండు పొట్టి.

తెరచాప · 40
రాసుకున్నాను. ఆదివారం పొద్దున 6కి జెట్టీ దగ్గర నాలుగు బోట్ల లంగరు గొలుసులూ డెక్ మీద పరిచి కొలుద్దాం. 26 అడుగులవాటిలో ఒకదానికి ఇరవై మీటర్లే ఉందని నా అనుమానం. కొలిచే టేపు, ప్రతి అయిదు మీటర్లకీ గుర్తు పెట్టడానికి ఎర్ర పెయింటు నేను తెస్తాను. డీజిల్ గారూ, నాలుగు ఇంజన్ల ఇంపెల్లర్ సైజులు అప్పుడే రాసుకుంటారా?

డీజిల్ · 41
వస్తాను. పాత ఇంపెల్లర్లు పారేసినవాళ్ళు పంపు మీద నంబరు ఫోటో తీసి ఉంచండి, మూత విప్పకుండా పని అవుతుంది.